ఎముక కనిపెట్టినవాళ్ళ పేరు పేపర్ మీద ఉండాలా వద్దా? (సైటేషన్ల లెక్కలు, ఆదిమానవుల పరిశోధన)

తవ్వకాల_పిల్ల
అందరికీ నమస్తే. ఆదిమానవుల మీద పీహెచ్‌డీ చేస్తున్నా. చాలాకాలంగా ఒక విషయం మనసులో నలుగుతోంది, ఇక్కడ రీసెర్చ్‌లో ఉన్నవాళ్ళూ ఉన్నారు, ఊరికే ఇష్టంతో చదివేవాళ్ళూ ఉన్నారు కాబట్టి అడుగుతున్నా.

1984లో కెన్యాలో, తుర్కానా సరస్సు పడమటి వైపు నరియొకొటొమె దగ్గర, కమోయా కిమేయు అనే ఆయనకి అగ్గిపెట్టెంత పుర్రె ముక్క కనబడింది. చుట్టూ అంతా నల్ల గులకరాళ్ళు, ముక్క కూడా అదే రంగు. మామూలు మనిషి దాని మీద కాలేసి పోతాడు. అక్కడ తవ్వితే దాదాపు పూర్తి అస్థిపంజరం దొరికింది, అదే తుర్కానా బాయ్, సుమారు 15 లక్షల ఏళ్ళ నాటి హోమో ఎరెక్టస్ అనే పాత మానవ జాతి పిల్లాడు. పొడుగు కాళ్ళు, సన్నటి ఒళ్ళు, ఎండలో దూరాలు నడవగలిగిన శరీరం అని మనం ఇవాళ రాసేదాంట్లో చాలా భాగం ఆ ఒక్క పిల్లాడి ఎముకల నుంచి వచ్చిందే. 1985లో నేచర్ అనే సైన్స్ జర్నల్‌లో పేపర్ వచ్చింది, ఆథర్లు నలుగురు: బ్రౌన్, హారిస్, రిచర్డ్ లీకీ, వాకర్. కమోయా పేరు లేదు.

ఆయనకి గౌరవం దక్కలేదని కాదు, 1985లో నేషనల్ జియోగ్రాఫిక్ మెడల్ ఇచ్చారు, ఒక పురాతన ప్రైమేట్‌కి (కోతులూ మనుషులూ ఉన్న జంతువుల వర్గం) కమోయాపితికస్ అని ఆయన పేరే పెట్టారు. కానీ ఆ పేపర్‌కి ఇన్నేళ్ళలో వచ్చిన సైటేషన్లలో (అంటే వేరే పేపర్లు దాన్ని ఉదహరించడం) ఒక్కటి కూడా ఆయన ఖాతాలో పడదు. ఇవాళ ఉద్యోగం, గ్రాంటు, ప్రమోషన్ అన్నీ ఆ ఖాతా చూసే ఇస్తున్నారు కదా. మరి ఆథర్ అంటే ఎవరు? మీరైతే ఏం చేస్తారు?

లెక్కలబుర్ర
మంచి టాపిక్ ఎత్తారు. నా పని బిబ్లియోమెట్రిక్స్, అంటే ఈ సైటేషన్ల లెక్కలే, కాబట్టి ఆ వైపు నుంచి చెప్తా.

హెచ్-ఇండెక్స్ 2005లో హోర్హే హిర్ష్ అనే ఫిజిసిస్ట్ పెట్టింది. ఒకళ్ళకి హెచ్ 10 అంటే కనీసం పదేసి సైటేషన్లు వచ్చిన పేపర్లు పది ఉన్నాయని. అంతే, అంతకుమించి ఏం లేదు. జీవితంలో మూడే పేపర్లు రాసి ఒక్కోదానికి రెండువేల సైటేషన్లు తెచ్చుకున్నా హెచ్ మూడు దగ్గరే ఆగిపోతుంది. హిర్ష్ ఆ పేపర్లో పెద్ద యూనివర్సిటీల్లో ఫిజిక్స్ వాళ్ళకి అసోసియేట్ ప్రొఫెసర్ స్థాయికి 12, ఫుల్ ప్రొఫెసర్‌కి 18 దాకా ఉండొచ్చు అని ఒక అంచనా ఇచ్చాడు. అది ఫిజిక్స్ అలవాట్లని బట్టి వేసిన అంచనా. ఎండలో ఏళ్ళ తరబడి తవ్వి, ఆ తర్వాత ఇంకొన్నేళ్ళు మట్టి కడిగి, చివరికి ఒక లావుపాటి రిపోర్టు పుస్తకంగా వేసే మనిషికి అదే కొలబద్ద పెడితే ఎట్లా? పుస్తకాల్లో వచ్చే సైటేషన్లని చాలా డేటాబేస్‌లు సరిగ్గా పట్టుకోవు కూడా.

ఇంపాక్ట్ ఫ్యాక్టర్ సంగతీ అంతే. యూజీన్ గార్‌ఫీల్డ్ జర్నళ్ళని పోల్చడానికి తయారుచేసింది అది, ముందు రెండేళ్ళలో వచ్చిన పేపర్లకి ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయి అని. రెండేళ్ళు అనే కిటికీ లక్షల ఏళ్ళ నాటి ఎముకల మీద పనిచేసేవాళ్ళకి మరీ ఇరుకు.

హిర్ష్ 2020లో తనే రాశాడు, ఈ ఇండెక్స్ ఘోరంగా విఫలం కావచ్చు, అనుకోని చెడు ఫలితాలూ తీవ్రంగా ఉండొచ్చు అనే అర్థంలో. దాన్ని పుట్టించినవాడే అన్నాక ఇంకేం చెప్పాలి. మీ అసలు ప్రశ్నకి ఒక్క ముక్క: ఈ లెక్కలన్నిటికీ పునాది ఆథర్ లిస్టు. లిస్టులో లేని మనిషిని ఎంత గొప్ప ఫార్ములా అయినా చూడలేదు.

రాతిగొడ్డలి
కాస్త వేరే మాట చెప్తా, ఏమీ అనుకోకండి. ఆథర్ అంటే కష్టపడ్డ ప్రతి మనిషీ కాదండి. మెడికల్ జర్నళ్ళ ఎడిటర్ల కమిటీ పెట్టిన రూల్స్ ఉన్నాయి కదా, ఇప్పుడు చాలా సైన్స్ జర్నళ్ళు వాటినే అనుసరిస్తున్నాయి: పనిలో గణనీయమైన పాత్ర ఉండాలి, రాయడంలో గానీ దిద్దడంలో గానీ చెయ్యి ఉండాలి, చివరి డ్రాఫ్ట్‌కి ఒప్పుకోవాలి, రేపు ఎవరైనా ప్రశ్నిస్తే జవాబుదారీ తీసుకోవాలి. నాలుగూ కలిస్తేనే ఆథర్. ఎముక కనిపెట్టడం గొప్ప పనే, కాదనను, కానీ అది హోమో ఎరెక్టసా ఇంకోటా, దాని వయసెంత, నడక ఎలా ఉండేది అనే వాదన ఇంకొకరిది. ఆ వాదన తప్పయితే కనిపెట్టిన మనిషిని నిలదీయడం న్యాయమా? కృతజ్ఞతల్లో పేరు రాయడం చిన్నతనం ఏమీ కాదు.

నల్లరేగడి
రాతిగొడ్డలి అన్న చెప్పిన జవాబుదారీ ముచ్చటకి మస్తు మంచి ఉదాహరణ ఉంది, జర చదువుండ్రి.

లూసీ తెలుసు గదా, ఆదిమానవ జాతి అస్థిపంజరం, 1974ల ఇథియోపియాల హదార్ దగ్గర దొరికింది, 32 లక్షల ఏండ్ల కిందటిది. 1978ల జొహాన్సన్, వైట్, కొపెన్స్ ముగ్గురు కలిసి ఆస్ట్రలోపితికస్ అఫరెన్సిస్ అని కొత్త జాతి పేరు పెట్టిన్రు. అయితే ఆ జాతికి మూల నమూనా, అంటే ఏ ఎముకను చూపి పేరు పెడ్తరో అది, లూసీ కాదు! టాంజానియాల లేటోలి దగ్గర దొరికిన ఒక దవడ, ఎల్‌హెచ్ 4 అంటరు. అది మేరీ లీకీ టీమ్ తవ్వకంలది. మేరీ లీకీ పేరు గూడ ఆ పేపర్ల కో-ఆథర్‌గ పెట్టిన్రు మొదలు, కానీ ఆమె ఒప్పుకోలే. హదార్ ఎముకలు, లేటోలి ఎముకలు ఒకే జాతి అన్న మాట నాకు నచ్చలే, నా పేరు తీసెయ్యిండ్రి అని తీయించుకుంది. రెండింటి నడుమ వెయ్యి మైళ్ళకు దగ్గర దూరం, కాలంల గూడ లక్షల ఏండ్ల తేడా, ఆమె అభ్యంతరం ఉత్తగ వచ్చింది కాదు.

నాకైతే ఆథర్ అంటే గదే అనిపిస్తది. పేరు పెట్టుకునే హక్కుతోని పేరు తీసేసుకునే హక్కు గూడ ఉండాలె. ఇంగ ఆ దవడను నేల మీద మొదలు చూసిందెవరు? మౌండు ములుయిలా. ఒక జాతి మొత్తానికి ఆధారమైన ఎముకను చూసిన మనిషి, ఎంతమందికి తెలుసు ఆయన పేరు?

ఎముకలజాడ
నేను పురాతన డీఎన్ఏ ల్యాబ్‌లో ఉంటా. మా దగ్గర సమస్య తలకిందులు, పేర్లు లేకపోవడం కాదు, పేర్లు మరీ ఎక్కువ.

2010లో నియాండర్తల్ అనే పాత మనుషుల జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) పేపర్‌కే యాభైకి పైగా ఆథర్లు. ఇప్పుడు వంద దాటడం మామూలే. చిన్న వేలెముక ముక్క నుంచి డెనిసోవన్లు అనే మనుషుల గుంపు ఉండేదని తెలిసిందంటే వెనక ఎంతమంది పని ఉంటుందో ఆలోచించండి, గుహ తవ్వినవాళ్ళు, ఎముక పొడి చేసినవాళ్ళు, డీఎన్ఏ చదివే సీక్వెన్సింగ్ వాళ్ళు, గణాంకాల వాళ్ళు. రష్యాలోని ఆ డెనిసోవా గుహ తవ్వకాలు నడిపిన దెరెవ్యాంకో, షున్‌కోవ్ ఇద్దరూ 2010 నేచర్ పేపర్ల ఆథర్లలో ఉన్నారు, అది బాగుంది.

కానీ అన్నిచోట్లా అలా జరగదు. నేను చూసిందేంటంటే, ల్యాబ్‌కి ఎముకలు కావాలి, తవ్విన ఆయన దగ్గర ఎముకలున్నాయి, ఇస్తే మధ్యలో ఎక్కడో ఒక పేరు వేస్తారు. డ్రాఫ్ట్ సబ్మిట్ చేసే రెండ్రోజుల ముందు పంపి ఏమైనా కామెంట్లుంటే చెప్పండి అంటారు. సమాధి ఎటు తిరిగి ఉంది, పక్కన ఏం పెట్టారు, పై పొరలో ఇంకెవరైనా ఉన్నారా అనే సంగతులన్నీ తెలిసిన మనిషి ఆయనే, కథ రాసేది మాత్రం ఆ నేల చూడనివాళ్ళు. సైటేషన్లు ఆయనకీ వస్తాయి, హెచ్ పెరుగుతుంది, మాట మాత్రం చెల్లదు. 2021లో 31 దేశాల నుంచి 64 మంది కలిసి నేచర్‌లో మానవ అవశేషాల డీఎన్ఏ పరిశోధనకి ఐదు మార్గదర్శకాలు రాశారు, అందులో ఆ అవశేషాలతో సంబంధం ఉన్న వాళ్ళందరితో మొదటినుంచే మాట్లాడండి, వాళ్ళ అభిప్రాయాన్ని గౌరవించండి అని ఉంది. "మొదటినుంచే" అన్నదే ముఖ్యం నా లెక్కలో.

లెక్కలబుర్ర
ఎముకలజాడ గారు చెప్పినదాంట్లోనే లెక్కల చిక్కు కూడా ఉంది. వందమంది రాసిన పేపర్‌కి వెయ్యి సైటేషన్లు వస్తే వందమందికీ తలా వెయ్యి రాసేస్తాం, అంటే ఒకే వెయ్యిని వందసార్లు లెక్కపెట్టినట్టు. ఫిజిక్స్‌లో 2015లో హిగ్స్ బోసాన్ అనే కణం ద్రవ్యరాశి పేపర్‌కి 5,154 మంది ఆథర్లు, 33 పేజీల్లో 24 పేజీలు పేర్లూ సంస్థలే. పోనీ భాగాలు చేద్దామా, తలా పది అని? అప్పుడు ఏమవుతుందంటే ఒక్కో పేరు చేర్చినకొద్దీ మిగతావాళ్ళ వాటా తగ్గుతుంది, ముందు ఎగిరిపోయేది మళ్ళీ తవ్వినవాళ్ళ పేర్లే. మొత్తంగా లెక్కపెడితే పేర్లు బేరానికి వస్తాయి, పంచి లెక్కపెడితే పేర్లు కోతకి వస్తాయి. ఫార్ములా మార్చి దీన్ని పరిష్కరించలేం అని నా గట్టి అభిప్రాయం.

కాస్త పనికొచ్చేది క్రెడిట్ అనే పద్ధతి. ఎవరు ఏం చేశారో 14 పాత్రల్లో చెప్పాలి: ఆలోచన, పరిశోధన నిర్వహణ, డేటా చూసుకోవడం, వనరులు, సాఫ్ట్‌వేర్, డ్రాఫ్ట్ రాయడం ఇలా. 2022లో అమెరికాలో అధికారిక ప్రమాణం కూడా అయింది. అందులో "తవ్వకం" అని విడిగా లేదు, పరిశోధన నిర్వహణలో కలిపేయాలి, అది లోటే. అయినా ఉత్త పేర్ల వరస కంటే నయం.

కొత్తగా_చేరా
డిగ్రీ చదువుతున్నా, తప్పుగా అడిగితే క్షమించండి. ఇంతకీ ఎక్కువ సైటేషన్లు ఉన్న పేపర్ అంటే అందులో ఉన్నది నిజం అని కాదా? మా సార్ ఎప్పుడూ సైటేషన్లు చూసి చదవమంటారు.

రాతిగొడ్డలి
మంచి ప్రశ్న, క్షమాపణ ఎందుకమ్మా. మొదట చదవడానికి ఏది ఎంచుకోవాలో చెప్పడానికి సైటేషన్ పనికొస్తుంది, మీ సార్ చెప్పింది ఆ మేరకు సరే. అందులో ఉన్నది నిజమా కాదా అనేదానికి మాత్రం కొలత కాదు. సైన్స్ మొత్తంలో అత్యధికంగా సైట్ అయిన పేపర్ 1951లో లౌరీ వాళ్ళు ప్రొటీన్ కొలిచే పద్ధతి మీద రాసింది, మూడు లక్షలు దాటాయి. అది గొప్ప సిద్ధాంతం అని కాదు, ల్యాబ్‌లో అందరూ ఆ పద్ధతి వాడారు కాబట్టి. కొన్నిసార్లు తిట్టడానికి కూడా సైట్ చేస్తారు, లెక్కలో అదీ ఒకటే.

మన ఫీల్డ్‌లోనే చూడు. 1912లో ఇంగ్లండ్‌లో పిల్ట్‌డౌన్ మనిషి అన్నారు, పెద్ద మెదడు, కోతి దవడ. పెద్దపెద్దవాళ్ళు నమ్మారు, దాని మీద కుప్పలుగా రాశారు. 1953లో తేలింది, మనిషి పుర్రెకి ఒరాంగుటాన్ దవడ జతచేసి, పళ్ళు అరగదీసి, రంగు పూసిన మోసం అని. అదే కాలంలో 1925లో రేమండ్ డార్ట్ దక్షిణాఫ్రికాలో టాంగ్ అనే చోట దొరికిన పిల్లాడి పుర్రె గురించి రాశాడు, మెదడు చిన్నది కానీ నిటారుగా నడిచినట్టు ఆనవాళ్ళున్నాయి, ఇది మన వైపు శాఖ అని. చాలామంది ఒప్పుకోలేదు, పిల్ట్‌డౌన్ ప్రకారం ముందు మెదడు పెరగాలి కదా! డార్ట్ చెప్పింది సరే అని, పిల్ట్‌డౌన్‌ని నమ్మిన బ్రిటిష్ శాస్త్రవేత్త ఆర్థర్ కీత్ ఒప్పుకునేసరికి 1947. ఇరవై ఏళ్ళకి పైగా. ఆ మధ్యలో ఎవరైనా హెచ్-ఇండెక్స్ చూసి డార్ట్‌కి ఉద్యోగం ఇవ్వాలా వద్దా అని తేల్చి ఉంటే?

నల్లరేగడి
టాంగ్ కతల ఇంకో పేరుంది అన్నా. జోసెఫిన్ సామన్స్. డార్ట్ దగ్గర పనిచేసే స్టూడెంట్. ఆమె ఒక బబూన్ కోతి శిలాజ పుర్రె తెచ్చి చూపిస్తేనే డార్ట్‌కు ఆ సున్నపురాయి క్వారీ మీద ఆసక్తి పుట్టింది, తర్వాతనే రాళ్ళు తెప్పించుకున్నడు. 1925 పేపర్ల ఆమె ప్రస్తావన ఉంది, ఆథర్ మాత్రం ఒక్కడే.

దీనికి సోషియాలజీలనే పెద్ద ఉదాహరణ ఉంది. పేరున్నోళ్ళకే ఇంకింత పేరొస్తది అనే దాన్ని మాథ్యూ ఎఫెక్ట్ అని 1968ల రాబర్ట్ మెర్టన్ రాసిండు, సైటేషన్ల మీద పనిచేసే ప్రతి ఒక్కరు దాన్ని సైట్ చేస్తరు. ఆ పేపర్‌కు ఆధారం హారియెట్ జుకర్‌మన్ అనే ఆమె నోబెల్ విజేతలతోని చేసిన ఇంటర్వ్యూలు. ఇది ఇద్దరి పేర్ల మీద రావాల్సింది అని తర్వాత మెర్టనే రాసిండు. అప్పటికే సైటేషన్లన్నీ ఒక్క పేరుకు పోయినయి, ఇప్పటికీ పోతున్నయి. 1993ల మార్గరెట్ రోసిటర్ ఆడవాళ్ళకు జరిగే ఈ అన్యాయానికి మటిల్డా ఎఫెక్ట్ అని పేరు పెట్టింది.

తవ్వకాల_పిల్ల
అందరికీ చాలా థాంక్స్. రాతిగొడ్డలి గారూ, మీ వాదన గురించి బాగా ఆలోచించా, జవాబుదారీ ఉన్నవాళ్ళే ఆథర్ అనేది నేనూ ఒప్పుకుంటా. కానీ తవ్వేవాళ్ళకి వాదనతో సంబంధం లేదు అన్నచోట ఒప్పుకోలేను. ఫ్లోరెస్ దీవి సంగతి చూడండి.

2004లో ఇండోనేషియాలో లియాంగ్ బువా గుహ నుంచి హోమో ఫ్లోరెసియెన్సిస్ అని మీటరు ఎత్తున్న చిన్న మనుషుల్ని ప్రకటించారు. జాతికి పేరు పెట్టిన పేపర్‌కి ఏడుగురు ఆథర్లు, అందులో ఐదుగురు ఇండోనేషియా వాళ్ళే: సుజోనో, సుతిక్నా, జత్మికో, సప్తోమో, రోకుస్ అవె దువె. అస్థిపంజరం సుమారు 18 వేల ఏళ్ళ నాటిది అన్నారు. ప్రపంచమంతా ఆ అంకె పాకింది, మనలాంటి మనుషులు చుట్టుపక్కల ఉన్న కాలంలోనే వేరే జాతి ఒకటి దీవిలో దాక్కుని బతికింది అని. వాళ్ళు అక్కడితో ఆపలేదు, ఏళ్ళ తరబడి ఆ గుహలోనే తవ్వుతూ పోయారు. తవ్వేకొద్దీ తెలిసిందేంటంటే మధ్యలో ఒక కోత ఉంది, పాత పొరలు కొట్టుకుపోయి ఆ ఖాళీలో కొత్త మట్టి నిండింది, వయసు చెప్పిన బొగ్గు ఆ కొత్త మట్టిది, ఎముకలు పాత పొరవి. 2016లో నేచర్‌లోనే సవరించారు: ఎముకలు లక్ష నుంచి 60 వేల ఏళ్ళ నాటివి, రాతి పనిముట్లు 50 వేల ఏళ్ళ కిందటి దాకా. ఫస్ట్ ఆథర్ థామస్ సుతిక్నా.

అంటే మట్టి తెలిసిన మనిషి పేపర్‌లో భాగస్వామి కాబట్టి పేపర్ తనని తాను దిద్దుకుంది. ఆయన్ని కృతజ్ఞతల్లో వేసి పంపించేసి ఉంటే, ఆ పొరల సంగతి ఆయనకి తెలిసినా నేచర్ దాకా తీసుకెళ్ళే దారి ఉండేదా? నేను పేర్ల కోసం ఇంత పట్టుబట్టేది మర్యాద కోసం మాత్రమే కాదు. ఆ మనుషులు ఎప్పుడు ఎలా బతికారో మనకి సరిగ్గా తెలియాలంటే ఇది కావాలి.

రాతిగొడ్డలి
ఇది బలమైన పాయింట్. పొరలు చదవడం కూడా వాదనలో భాగమే అంటారు, ఒప్పుకోవాల్సిందే. నా మాట కొంచెం మారుస్తా: వాదనలోకి పిలవండి, వచ్చినవాళ్ళని ఆథర్లు చెయ్యండి, పిలవకుండా కృతజ్ఞతల్లో తోసేయొద్దు. అయితే రానివాళ్ళని బలవంతంగా లాగొద్దు కూడా. దక్షిణాఫ్రికాలో దొరికిన హోమో నలెడి అనే పాత మానవ జాతి విషయం చూడండి, ఆ జాతి తమలో చనిపోయినవాళ్ళని పూడ్చిపెట్టింది అని 2023లో ప్రీప్రింట్లు (రివ్యూ పూర్తికాకముందే బయటపెట్టే పేపర్లు) వేస్తే, రివ్యూ చేసినవాళ్ళు ఆధారాలు సరిపోవని బహిరంగంగానే రాశారు. అట్లాంటి గొడవలో పేరు ఉండటం అందరికీ సుఖం కాదు.

ఎముకలజాడ
+1. మేరీ లీకీ లాగా వద్దు అనే అవకాశం కూడా ఇవ్వాలి. దానికి డ్రాఫ్ట్ ముందే చేతికి రావాలి, వాళ్ళకి వచ్చిన భాషలో రావాలి.

తవ్వకాల_పిల్ల
అవును, మా టీమ్‌లో ఇప్పుడు అదే మొదలుపెట్టాం. ప్రతి నమూనా నంబర్ పక్కన "మొదట చూసినవారు", "పైకి తీసినవారు", "పొర రాసినవారు" అని మూడు గడులు పెట్టాం, ఆ పట్టిక డేటాసెట్‌గా పేపర్‌తో పాటు విడిగా సైట్ చేసేలా పెడతాం. కావాలన్నవాళ్ళకి ఆర్కిడ్ (ORCID, పరిశోధకుల గుర్తింపు) నంబర్ తీయిస్తున్నాం. తవ్వకంలో ముందునుంచీ ఉన్న పెద్దాయన ఒకరిని డ్రాఫ్ట్ చదివి వినిపించి అడిగితే, బూడిద పొర గురించి మేం రాసిన పేరా విని, అది ఒకే పొయ్యి కాదు, రెండు సార్లు మంట పెట్టారు, మధ్యలో సన్న మట్టి గీత ఉంది చూడలేదా అన్నారు. మళ్ళీ ఫొటోలు తీసి చూస్తే ఉంది. ఆ పేరా ఇప్పుడు మళ్ళీ రాస్తున్నాం, ఆయన్ని ఆథర్‌గా అడిగాం, ఒప్పుకున్నారు.

కొత్తగా_చేరా
ఆ పట్టిక నమూనా పెడతారా అక్కా? మా కాలేజీ వాళ్ళం ఒక తవ్వకానికి సాయంగా వెళ్తున్నాం.

తవ్వకాల_పిల్ల
గైడ్‌ని అడిగి పెడతా. ఒక్క చోట ఇంకా తేలలేదు, జల్లెడ దగ్గర ఒకేసారి చాలామంది ఉంటారు, చిన్న పన్నో చేప ముల్లో దొరికితే "మొదట చూసినవారు" గడిలో ఎవరి పేరు రాయాలి?

నల్లరేగడి
ఆ పూట జల్లెడ మీద ఉన్నోళ్ళందరి పేర్లు రాయుండ్రి. గడి చిన్నగయితే గడిని పెద్దగ చెయ్యుండ్రి.

లెక్కలబుర్ర
అలాగే ఏ పూట, ఏ చదరం, ఏ లోతు అనేది కూడా అదే వరసలో ఉండనివ్వండి. ఫ్లోరెస్ లాగా రేపు పొర మారితే ఎవరిని అడగాలో తెలుస్తుంది.